ఎనిమిది నెలల కరాటే, తర్వాత ఏడు నెలల జూడో

నేను విజయవాడలో ఓ మెడికల్ షాపులో పని చేస్తాను. రాత్రి పదిన్నరకి షట్టర్ దించాక ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంట కోసమే ఏదైనా నేర్చుకుందామనుకున్నాను.

ముందు చేరింది ఒక కరాటే క్లాసులో. వరసగా నిలబడి గాల్లోకి పంచ్‌లు కొట్టడం, కటాలు (ఒక వరసలో కంఠస్థం చేసి ఒంటరిగా చేసే కదలికలు), మూడు నెలలకోసారి బెల్ట్ పరీక్ష, దానికి వేరే ఫీజు. ఆరెంజ్ బెల్ట్ వచ్చిన రోజు మా తమ్ముడు నా మణికట్టు పట్టుకుని "ఏదీ అక్కా, విడిపించుకో" అన్నాడు. నేర్పిన మెలికే తిప్పాను. వాడి పట్టు ఇసుమంతైనా సడలలేదు. క్లాసులో నా జోడీ అమ్మాయి నేను తిప్పగానే తనే వదిలేసేదని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కరాటే అంతా ఇంతేనని అనను. క్యోకుషిన్ అనే కరాటే శైలిలో ఒంటిమీద గట్టిగానే కొట్టుకుంటారు. మా దగ్గర మాత్రం అది లేదు.

తర్వాత మా ఇంటి దగ్గరి జూడో క్లబ్‌లో చేరాను. ఉదయం ఆరింటికి, వారానికి మూడు రోజులు. నెలకి 1,200, డ్రెస్‌కి 1,800. మొదటి రెండు వారాలూ పడటమే నేర్పారు: గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో మ్యాట్‌ని చరుస్తూ. మూడో వారం నుంచి రాండోరి, అంటే ఎదుటివాళ్లు నిజంగా ఎదురు తిరుగుతుంటే చేసే సాధన. డెబ్బై కిలోల డిగ్రీ కుర్రాడు నా మెడ చుట్టూ చెయ్యి వేసి, నా కుడి చేతిని చంకలో ఇరికించి, పక్కటెముకల మీద బరువంతా వేశాడు. ఊపిరాడలేదు. ఇక చాలని చేత్తో తట్టాను, వదిలాడు. నెలంతా తట్టడమే. "ఊపిరి బిగబట్టకండి మేడమ్. మోచేతిని నేలకి లాక్కోండి, నడుం అటు జరపండి" అంటూ మాస్టారు పక్కనే కూర్చుని చెప్పేవారు. మూడో నెలలో ఒకసారి బయటపడ్డాను. నా ఆరెంజ్ బెల్ట్ కన్నా ఆ ఒక్కసారే నాకు ఎక్కువ.

1882లో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో ప్రమాదకరమైన దెబ్బల్ని రాండోరిలోంచి తీసేశారు. మిగిలినవాటిని పూర్తి బలంతో సాధన చేయొచ్చని. ఆ తేడా నా ఒంటికి తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. పిడిగుద్దులు ఆపడం నేర్పరు. పట్లన్నీ మందపాటి జాకెట్ కాలర్ మీదే, పల్చటి టీషర్ట్ చేతికి అలా దొరకదు. బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగా పడదు, రెండుసార్లు చెప్పాను, ఇంకా బాగుచేయలేదు. చిటికెన వేలు బెణికి పది రోజులు టేప్ వేసుకు తిరిగాను. అయినా కత్తి గురించి అడిగితే మాస్టారు "బ్యాగ్ విసిరేసి పరుగెత్తండి, 112కి ఫోన్ చేయండి" అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఎక్కడ చేరాలన్నా డబ్బు కట్టేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. పట్టుకున్నవాడు ఊరికే వదిలేస్తున్నాడా, గింజుకుంటున్నాడా గమనించండి. ఇక్కడ మొదటి క్లాసు ఉచితం. గోళ్లు కత్తిరించుకుని, చెవి రింగులు తీసేసి వెళ్లండి.