స్కోర్‌కార్డ్: కోడ్ పంపేవారికి ఏ మేరకు పనికొస్తుంది?

ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ పంపే ముందు దాని మంచిచెడ్డలు తెలుసుకోవడానికి కొన్నేళ్లుగా స్కోర్‌కార్డ్ అనే ఉచిత పరికరాన్ని వాడుతున్నాను. ఓపెన్‌సోర్స్ భద్రత కోసం పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ 2020లో విడుదల చేసిన ఈ పరికరం, కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ సైటులోని రిపాజిటరీని (ప్రాజెక్టు కోడ్ భాండారాన్ని) పరిశీలించి, ఒక్కో అంశానికి 0 నుంచి 10 వరకు మార్కులు వేసి, చివర మొత్తం స్కోరు చూపుతుంది. హనుమకొండ, కాజీపేటల్లోని ఇంజనీరింగ్ విద్యార్థులు మొదటి ప్రాజెక్టు ఏదైతే బాగుంటుందని నన్ను అడుగుతుంటారు కనుక, నాకోసం కంటే వారి కోసమే దీన్ని ఎక్కువగా నడిపాను. విడివిడి మార్కులు బాగా పనికొస్తాయి గాని, మొత్తం స్కోరును నమ్ముకోవద్దని నా అభిప్రాయం. (పాస్ మార్కు ఎంత అన్నదే మావాళ్ల మొదటి ప్రశ్న.)

ఇతరుల కోడ్‌ను తమ సాఫ్ట్‌వేర్‌లో వాడుకునేవారి భద్రతను దృష్టిలో పెట్టుకొని దీన్ని తయారుచేశారు. అందువల్ల లైసెన్సు ఉందా లేదా అన్న అంశాన్ని తక్కువ ప్రమాదంగా లెక్కగట్టి, మొత్తంలో దానికి స్వల్ప బరువే ఇస్తారు. కోడ్ పంపేవారికి మాత్రం అదే మొదటి ప్రశ్న. లైసెన్సు లేని కోడ్‌పై హక్కులన్నీ రాసినవారివే. లైసెన్సు ఉన్నా, సంతకం చేయమని అడిగే ఒప్పంద పత్రాన్ని చదవాలి. మన కోడ్‌ను వేరే లైసెన్సు కింద ఇచ్చుకునే హక్కు అందులో ప్రాజెక్టు నడిపే కంపెనీకి దక్కుతుందేమో చూసుకోవాలి. 2023 ఆగస్టులో, సర్వర్ల ఏర్పాటుకు వాడే టెర్రాఫామ్ లైసెన్సును దాని కంపెనీ మార్చినప్పుడు, పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు అనే వేరు శాఖ పుట్టుకొచ్చిన సంగతి తెలిసిందే. ఆ పత్రంలో ఏముందో స్కోర్‌కార్డ్ చూడదు.

నిర్వహణకు ఇచ్చే మార్కు ఇంకా జాగ్రత్తగా చదవవలసింది. గత 90 రోజుల్లో వారానికొక కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) చొప్పున ఉంటే పూర్తి మార్కులు పడతాయి. కమిట్లు వస్తున్నాయంటే లోపలివారు పని చేసుకుంటున్నారని తెలుస్తుంది. బయటివారి పనిని పట్టించుకుంటున్నారో లేదో తెలియదు. స్కోరు 7 దాటిన ఒక పీడీఎఫ్ లైబ్రరీలో తెలుగు ఒత్తులు విరిగి పడుతుంటే, ఒక విద్యార్థి దాన్ని సరిచేసి పుల్ రిక్వెస్ట్ (తన మార్పును తీసుకోమనే అభ్యర్థన) పంపాడు. టెస్టులన్నీ పాసయ్యాయి. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, "అన్నా, పచ్చ టిక్కులన్నీ పడ్డయి గని ఒక్కలు గూడ మాట్లాడుతలేరు" అన్నాడు. మూసేసి, మెర్జ్ చేయని (అంటే ప్రాజెక్టులో కలుపుకోని) పుల్ రిక్వెస్టులను వడపోసి చూస్తే విషయం అర్థమైంది. బయటివారు పంపినవన్నీ ఎవరూ చూడక మురిగిపోతే, కదలిక లేదంటూ బాట్ (తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) ఒకే వాక్యం రాసి వరుసగా మూసేసింది. మెర్జ్ అయినవి దాదాపు అన్నీ జట్టు సభ్యులవే.

అప్పటి నుంచి స్కోర్‌కార్డ్ నడిపిన వెంటనే ఆ వడపోత జాబితానే తెరుస్తున్నాను. తిరస్కరించినా కారణం చెప్పే మెయింటైనర్ (ప్రాజెక్టు నిర్వాహకుడు) ఉన్నచోట భయపడనక్కరలేదు. కొత్తవారికి అనువైన పని అని సూచించే "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ కింద ఏళ్ల నాటి ఇష్యూ (నమోదైన సమస్య) ఉండి, దాని కింద "నాకు కేటాయించండి" అన్న అభ్యర్థనలే పేరుకుని జవాబు లేకుంటే, అక్కడ సమయం పెట్టనవసరం లేదు.

వాడకంలో ఇబ్బంది తక్కువ. గిట్‌హబ్ టోకెన్ (మన ఖాతాను గుర్తించే రహస్య సంకేతం) ముందే సిద్ధం చేసుకోవాలి. అది లేకపోతే గిట్‌హబ్ గంటకు 60 అభ్యర్థనలకే అనుమతిస్తుంది, ఉంటే 5,000 వరకు. ఫలితంలో -1 కనబడితే ఆ అంశం తేల్చలేకపోయిందని అర్థం, సున్నాగా చదవకూడదు.

ఒక్కరే నడిపే చిన్న ప్రాజెక్టులకు ఈ పరికరం అన్యాయం చేస్తుంది. రెండో మనిషి లేనిచోట కోడ్ రివ్యూకు మార్కులు రావు. వేర్వేరు సంస్థలవారు పనిచేస్తున్నారా అన్న అంశంలోనూ అంతే. నాకు తెలిసి కొత్తవారికి ఓపికగా జవాబిచ్చినవి ఎక్కువగా ఇలాంటివే. వాటిలో చూడవలసిన గుర్తు వేరు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టులో 2022లో కొత్త పేర్లతో కొందరు ఏకైక మెయింటైనర్‌పై, బాధ్యత పంచుకోమని ఒత్తిడి తెచ్చారు. అలా చేరిన వ్యక్తి కోడ్‌లో రహస్యంగా పెట్టిన దొడ్డిదారి (కంప్యూటర్లలోకి చొరబడే మార్గం) 2024 మార్చిలో బయటపడింది. ఆ కాలమంతా కమిట్లు వస్తూనే ఉన్నాయి కనుక నిర్వహణ మార్కుతో ఇది తెలియదు. ఇష్యూల్లో ఎవరైనా మెయింటైనర్‌ను అదేపనిగా తొందరపెడుతుంటే, కొత్త ఫీచర్ పంపడం పక్కనపెట్టి, ముందుగా పాత బగ్ నివేదికలను తమ యంత్రంలో సరిచూసి ఫలితం రాసిపెట్టమని విద్యార్థులకు చెబుతున్నాను.