"వాటర్‌ప్రూఫ్" అని ఫర్నిచర్ కవర్లు కొనేముందు కుట్లు చూడండి

ఆన్‌లైన్‌లో "100% వాటర్‌ప్రూఫ్, హెవీ డ్యూటీ" అని చవగ్గా దొరికే పలుచని వెండిరంగు కవర్లను డాబా మీది సోఫాలకు, ఊయలకు కొనకండి. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, లోపల కుర్చీ తడిసిపోతుంది.

ఎక్కువగా కారేది బట్ట కాదు, కుట్టు. సూది దిగిన ప్రతిచోటా చిల్లే కదా. మంచి కవరులో ఆ కుట్టు వెంబడి లోపలివైపు సీమ్ టేపు వేడితో అతికిస్తారు. కవరు తిరగేయండి. నున్నటి పట్టీ లేకుండా దారం కనబడితే వాపసు పంపేయండి.

"600డి" అన్న అంకె చూసి మోసపోవద్దు. డి అంటే డెనియర్, అంటే 9000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. బట్ట ఎంత దిట్టమో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది, అంతే. నీళ్లను ఆపేది లోపలి పూత, సాధారణంగా పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌ది. అందుకే వాపసు గడువు దాటకముందే, ట్యాగులు తెంపకుండా, కుట్టున్న భాగాన్ని బకెట్ మూతి మీద గుంటలా పరిచి మగ్గు నీళ్లు పోయండి. అరగంటకు అడుగున తడి తగిలితే ఆ కవరు పనికిరాదు. ఇదంతా వీడియో తీసి పెట్టుకోండి, అమ్మినవాళ్లు వాదనకు దిగితే అక్కరకొస్తుంది.

పీవీసీ షీటు కవర్లు నీళ్లను బాగానే ఆపుతాయి గానీ మన ఎండలకు బిరుసెక్కి మడతల దగ్గర పగులుతాయి. పైగా గాలి ఆడదు. చెమ్మ లోపలే నిలిచి కేన్‌కు బూజు, ఇనుప కాళ్లకు తుప్పు పడతాయి. ఎదురెదురుగా రెండు గాలి కంతలు, వాటిపై వాన పడకుండా రెక్కలు ఉన్న కవరే తీసుకోండి. తడి కుర్చీ మీద మాత్రం ఏ కవరూ వేయొద్దు.

కొలత ఎక్కువ వెడల్పున్న చోట, వెనక్కి వాలిన కాళ్లతో సహా తీసి, 3 నుంచి 5 సెంటీమీటర్లు కలపండి. మరీ వదులైతే నడిమధ్య నీళ్లు నిలిచి, ఆ బరువుకు కుట్లు విడిపోతాయి. బల్లకైతే కవరు కింద మధ్యలో ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లిస్తే నీళ్లు జారిపోతాయి.

అంచున ఎలాస్టిక్ ఒక్కటే ఉంటే ఈదురుగాలికి ఎగిరిపోతుంది, కాళ్లకు బిగించే బకిల్ పట్టీలు ఉండాలి. విశాఖలాంటి సముద్రతీరంలో లోహపు జిప్పు ఉప్పుగాలికి పట్టేస్తుంది, ప్లాస్టిక్‌దే అడగండి. ఎంత మంచి కవరున్నా వానాకాలంలో కుషన్లను మాత్రం ఇంట్లోకి తెచ్చేయాల్సిందే.