ఎర్రచందనం: విత్తనపు మొక్కా, అంటు మొక్కా?

తోతాపురి తోట పెట్టేవాళ్లకు చిత్తూరు వైపు ఈ అనుమానమే రాదు. టెంక పెడితే తల్లి రకం రాదు, అంటు మొక్కే నాటాలి. ఆ లెక్క ఎర్రచందనానికి పూర్తిగా కుదరదు. మామిడి నాలుగైదేళ్లకు కాయతో తన గుణం చెప్పేస్తుంది. ఎర్రచందనంలో చేవ, అంటే మాను నడిమి గట్టి ఎర్ర కలప, ఎంత కట్టిందో తెలియాలంటే పాతికేళ్లయినా ఆగాలి.

చేవ బాగా పట్టిన చెట్టు పుట్టుగుణం అంటులో అలాగే దిగుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఒకే చెట్టు పుల్లలతో వెయ్యి అంట్లు కడితే, ఆ ఒక్క చెట్టునే వెయ్యి గుంటల్లో నాటినట్టు. జపాన్‌లో సొమేయి యొషినో చెర్రీలు ఇలాంటివే. అన్నీ అంట్లు కాబట్టి ఊరంతా ఒకేసారి పూస్తాయి, చూడ్డానికి పండగే. తమలో తమకు మాత్రం గింజ కట్టదు. చీపురుకట్టలా కొమ్మలు గుబురెత్తే తెగులు సోకితే ఏ చెట్టుకూ తట్టుకునే వేరే గుణం ఉండదు. అక్కడి కొండల్లో గింజతో పెరిగే యమజకురా చెర్రీ అలా కాదు: ఒకదాని చిగురు ఎరుపు, పక్కదానిది పచ్చన, పూత కూడా ముందూ వెనకా.

ఎర్రచందనం సహజంగా పెరిగేదే శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల. ఆ కాస్త చోటి చెట్లలో గుణాల తేడాలు నిలవాలి. అందుకే అడవి నింపడానికైనా, పొలం గట్లకైనా విత్తనపు మొక్కే మేలు. అయితే రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడ్డ చెట్టు కింద కాయలు ఏరొద్దు. తన పుప్పొడితోనే కట్టిన కాయల్లో తాలు ఎక్కువ, మొలిచినా నారు నీరసంగా ఉంటుంది. కనీసం 30 చెట్ల కాయలు కలపాలి, చెట్టుకూ చెట్టుకూ 100 మీటర్ల ఎడం ఉంటే మంచిది. రిజర్వు అడవిలో అయితే అనుమతి తప్పనిసరి. చెట్టుకు పది కాయలు కోసి చూడండి, సగం తాలైతే ఆ చెట్టు వదిలేయండి. రెక్కలు కత్తిరించి, పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టి ఇసుక మడిలో చల్లాలి. అయినా మొలక తక్కువే, కావలసినదానికి రెండు మూడింతలు వేసుకోండి.

అయిదెకరాలు కలప కోసమే పెడితే అంట్లు తెచ్చుకోవచ్చు, ఒక్క తల్లిచెట్టువి కాకుండా పది పదిహేను చెట్లవి కలిపి. అంటు కట్టు కింద వచ్చే పిలకను వారం వారం గిల్లేయాలి. వదిలేస్తే పైపుల్ల ఎండిపోయి పిలకే చెట్టవుతుంది. ఆకు ఒకేలా ఉంటుంది గనుక ఆ సంగతి కోసేదాకా తెలియదు.