ఈఆర్ బొమ్మా, ఓంటాలజీయా, తెలుగు వాక్యాలా: ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లలు, చిన్న దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కుర్రాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, డేటా మోడల్ గీయాలంటే ఈఆర్ డయాగ్రమ్ సరిపోతుందా, యూఎంఎల్ నేర్చుకోవాలా? ఓంటాలజీ అంటున్నారు, అటు వెళ్లాలా?" డేటా మోడల్ అంటే ఏ సమాచారం దాచాలో, దాని ముక్కల మధ్య సంబంధం ఏమిటో చూపే పటం. ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) దాన్ని డబ్బాలూ గీతలుగా చూపే బొమ్మ, యూఎంఎల్ ప్రోగ్రాముల నిర్మాణాన్ని గీసి చూపే పద్ధతి, ఓంటాలజీ ఒక రంగంలోని భావనలను కంప్యూటర్ తర్కించగలిగేలా రాసేది. ఇన్నాళ్లూ "పనిని బట్టి ఉంటుంది" అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు గానీ, విన్నవాళ్లకు దానితో ఏ పనీ జరగదు. ఈ ఏడాది నేనే ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. కాబట్టి ఇప్పుడు తేల్చి చెప్పగలను.

పని ఇది. బరంపురంలో మూడు తరాలుగా పట్టు నేస్తున్న ఒక తెలుగు కుటుంబం. అన్నదమ్ముల ఇళ్లలో కలిపి తొమ్మిది మగ్గాలు. పట్టు ఎంత ఇచ్చారు, ఏ చీర ఎవరు నేశారు, మజూరీ ఎంత ముట్టింది, ఏ సరుకు ఏ షాపుకు వెళ్లింది, అంతా పొడుగాటి ఖాతా పుస్తకాల్లో ఉంది. బరంపురం పట్టుకు 2012లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లలో కొందరు "ఈ చీర ఎవరి చేతిలో నేసింది?" అని అడుగుతున్నారట. చీర నంబరు కొడితే ఆ వివరం కంప్యూటర్లో కనబడాలన్నది ఆ ఇంటి అల్లుడి కోరిక.

అలవాటు ప్రకారం ఈఆర్ గీశాను. చీర ఒక డబ్బా, నేతగాడు ఒక డబ్బా, మధ్యలో 'నేశాడు' అనే గీత. ఒక నేతగాడు చాలా చీరలు నేస్తాడు, ఒక చీరను ఒక్కడే నేస్తాడు. చీర డబ్బాలో రంగు, బరువు, ధర, మజూరీ. ఇంటి పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది బాబూ" అన్నారు.

ఆ "బాగుంది" వినగానే నాకు టెన్షన్ మొదలైంది. యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషికి నా మొదటి బొమ్మలో ఒక్క తప్పూ కనబడలేదా? అలా జరగదు. ఆయనకు ఆ బొమ్మ చదవడం రాలేదు, నన్ను నొప్పించడం ఇష్టం లేదు. అంతే.

ఆ రాత్రి బొమ్మలోని ప్రతి గీతనూ ఒక్కో తెలుగు వాక్యంగా రాశాను. ప్రతి వాక్యం కిందా వాళ్ల ఖాతాలోంచే రెండు మూడు వరసలు ఉదాహరణగా పెట్టాను. మర్నాడు చదివి వినిపించాను.

"ప్రతి చీరనూ ఒక్కరే నేస్తారు."

"అదెలా బాబూ? పొద్దున్న నేను కూర్చుంటాను, మధ్యాహ్నం మా తమ్ముడు కూర్చుంటాడు."

"ప్రతి చీరకూ ఒక మజూరీ ఉంటుంది."

"చీరకు లేదు, పడుగుకు. ఒక పడుగు ఎక్కిస్తే నాలుగు చీరలు దిగుతాయి. నాలుగూ కోసి ఇచ్చాకే లెక్క చూసుకుంటాం."

పడుగు! మగ్గం మీద పొడుగ్గా ఎక్కించే దారాలు. నా బొమ్మలో ఆ మాటే లేదు. ఆ ఇంట్లో లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పట్టు తూకం వేసి ఇచ్చేది పడుగుకు, మజూరీ పడుగుకు, మగ్గం ఖాళీ అయిందా లేదా అని చూసేది పడుగును బట్టి. రంగు కూడా నేను అనుకున్నట్టు ఒక్కటి కాదు. పడుగు రంగు నాలుగు చీరలకూ ఒకటే, పేక (అడ్డంగా నేసే దారం) రంగు చీర చీరకూ మారవచ్చు. "ప్రతి సరుకూ చీరే" అన్న వాక్యం దగ్గర తమ్ముడు అడ్డం వచ్చి, మగవాళ్లు కట్టే జోడు సంగతేమిటని అడిగారు. ఇంతలో లోపలి నుంచి పెద్దాయన భార్య, "కండెలు చుట్టేది ఎవరో అందులో రాశావా నాయనా?" అన్నారు. కండెలంటే నేతకు దారం చుట్టిపెట్టే గొట్టాలు. రాయలేదు. ఖాతాలోనే లేదు. ఇప్పుడు రిజిస్టరులో ఉంది: 'ఈ పడుగుకు కండెలు ఈమె చుట్టింది.' ఆ ఒక్క వాక్యం కోసమైనా ఈ పద్ధతికి నేను రుణపడి ఉన్నాను.

ఏది మేలని తూచేటప్పుడు నేను ఇప్పుడు అన్నిటికంటే ముందు చూసేది ఇదే. విషయం తెలిసిన మనిషి, కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా, ఆ మోడల్‌ను విని "కాదు" అనగలగాలి. మిగతా గుణాలు, అంటే టూల్స్ ఎన్ని ఉన్నాయి, బొమ్మ ఎంత నీటుగా ఉంది, టేబుల్స్‌గా ఎంత తేలిగ్గా మారుతుంది, ఇవన్నీ తర్వాత. తప్పు భావనను ఎంత చక్కగా టేబుల్‌గా మార్చినా తప్పు టేబులే వస్తుంది. దాన్ని పదివేల వరసలు ఎక్కించాక సరిదిద్దడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు.

వాక్యాల పద్ధతికి సొంత చరిత్ర ఉంది. 1970ల్లో యూరప్‌లో నైసన్ అనే పరిశోధకుడి బృందం నియామ్ అనే పద్ధతిగా దీన్ని మొదలుపెట్టింది. టెర్రీ హాల్పిన్ 1989లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం థీసిస్‌లో దానికి గట్టి తర్కం సమకూర్చాడు. ఆ రూపమే ఆబ్జెక్ట్ రోల్ మోడలింగ్. పొడి అక్షరాల్లో ఓఆర్ఎం. ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ వాడే ఓఆర్ఎం, అంటే ఆబ్జెక్టులను టేబుల్స్‌కు జత చేసేది, పూర్తిగా వేరు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. హాల్పిన్ చెప్పిన ఏడు మెట్లలో మొదటి మెట్టు, తెలిసిన ఉదాహరణలు తీసుకుని వాటిని ఇక విడగొట్టలేనంత చిన్న వాక్యాలుగా రాయడం. నేను చేసింది ఆ మొదటి మెట్టే.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి, ఆట్రిబ్యూట్ (లక్షణం) అన్న మాటే లేకపోవడం. ఈఆర్‌లో మొదటి రోజే తేల్చాలి: రంగు చీర లక్షణమా, వేరే డబ్బానా? ఆ రోజుకు మనకు తెలిసేదెంత? ఓఆర్ఎంలో వస్తువులు ఉంటాయి, అవి ఒక సంగతిలో పోషించే పాత్రలు ఉంటాయి. 'ఈ పడుగు ఈ రంగులో ఉంది' అని రాసి ముందుకు పోవచ్చు. రేపు రంగుకు అద్దకంవాడి పేరు, అద్దిన తేదీ కలపాల్సి వస్తే పాత వాక్యం చెక్కుచెదరదు. కొత్త వాక్యం పక్కన చేరుతుంది.

ఈఆర్ మీద నాకు కోపం లేదు. కాడ్ 1970లో డేటాను టేబుల్స్‌గా చూసే రిలేషనల్ మోడల్ ప్రకటించాక, డేటాను మనుషుల లోకానికి దగ్గరగా తెచ్చిన ఘనత పీటర్ చెన్‌దే. 1976లో వచ్చిన ఆయన ఈఆర్ వ్యాసంతోనే మనందరం డబ్బాలూ డైమండ్లూ గీయడం నేర్చుకున్నాం. చెన్‌కు కూడా వాక్యం ముఖ్యమే. 1983లో ఇంగ్లీషు వాక్య నిర్మాణానికీ ఈఆర్ బొమ్మకూ ఉన్న సంబంధం మీద విడిగా వ్యాసం రాశాడు. నామవాచకం ఎంటిటీ అవుతుంది, సకర్మక క్రియ రిలేషన్‌షిప్ అవుతుంది, విశేషణం ఆట్రిబ్యూట్ అవుతుంది, ఇలాంటి సూత్రాలు అందులో ఉన్నాయి.

తెలుగుకు వచ్చేసరికి నాకు ఇంకొకటి తోస్తుంది. మన వాక్యంలో పాత్రలను మోసేవి విభక్తులు. 'పెద్దాయన పడుగును మూడో మగ్గానికి ఎక్కించారు' అనండి, 'మూడో మగ్గానికి పడుగును పెద్దాయన ఎక్కించారు' అనండి, 'పడుగును పెద్దాయన మూడో మగ్గానికి ఎక్కించారు' అనండి, అర్థం మారదు. ఎవరు, దేన్ని, దేనికి అన్నది మాట చివరే అంటుకుని ఉంటుంది. ఓఆర్ఎం గీతలో ఒక్కో పాత్రకు ఒక్కో గడి ఉంటుంది. ఆ గడి మీద 'ను', 'కు', 'లో', 'నుంచి' అని రాసిపెడితే, ఏ వైపు నుంచి చదివినా మంచి తెలుగు వాక్యమే వస్తుంది. ఇంగ్లీషులో చదివే దిక్కు మారితే క్రియ రూపం కూడా మార్చుకోవాలి. మనకు ఆ బాధ తక్కువ. మన విద్యార్థులు దీన్ని వాడుకోకుండా ఇంగ్లీషులో 'హ్యాజ్', 'బిలాంగ్స్ టు' అని గీతల మీద రాస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఓంటాలజీ. ఓంటాలజీలు రాసే భాష ఓడబ్ల్యూఎల్ 2004లో, వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా వచ్చింది, 2009లో రెండో రూపు దిద్దుకుంది. దీని బలం వేరు: రాసిన దాన్నుంచి రాయని దాన్ని తర్కంతో రాబట్టడం. అయితే ఇది బహిరంగ లోకం అనే భావన మీద నడుస్తుంది. డేటాబేస్‌లో లేనిదాన్ని మనం లేదనుకుంటాం. ఓడబ్ల్యూఎల్‌లో లేకపోతే ఇంకా తెలియదని అర్థం. పైగా రెండు పేర్లు ఉన్నాయంటే ఇద్దరు ఉన్నారని అది అనుకోదు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. 'ప్రతి చీరనూ ఒక్కరే నేస్తారు' అన్న నా తప్పు నియమాన్ని ఓడబ్ల్యూఎల్‌లో పెట్టి, ఒకే చీరకు అన్న పేరు, తమ్ముడి పేరు రెండూ ఎక్కించాననుకోండి. అది తప్పు అని కేక వేయదు. అన్నా తమ్ముడూ ఒకే మనిషి అని తేలుస్తుంది! వాళ్లిద్దరూ వేరని మనం విడిగా రాసి ఉంటేనే గొడవ బయటపడుతుంది. లెక్కల రిజిస్టరుకు ఇది సరిపడదు. డేటా నియమాలకు సరిపోతోందో లేదో చూడ్డానికి 2017లో షాకల్ అనే వేరే ప్రమాణం తేవలసి వచ్చింది కూడా అందుకే.

అదే గుణం ఇంకోచోట వరం. మా ఊరినే తీసుకోండి. తెలుగులో బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషు కాగితాల్లో బెర్హంపూర్. పడమటి బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా వినడానికి దాదాపు ఇదే. మూడు పేర్లకు ఒక ఊరు, ఇంచుమించు ఒకే పేరుకు రెండు ఊళ్లు. ఇద్దరు ముగ్గురి దగ్గరి సమాచారాన్ని కలపాలంటే, ఏ పేరూ ఏ పేరూ ఒకటో నిదానంగా తేల్చే పద్ధతే కావాలి. పాత పత్రాలు, శాసనాలు, ఊళ్ల పేర్లు, మొక్కల పేర్లు, వైద్యం, ఇలాంటి వాటికి నేను ఓంటాలజీ వైపే మొగ్గుతాను.

కొటియా ఊళ్ల సంగతి తలచుకున్నప్పుడల్లా ఈ తేడా నాకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కోరాపుట్ జిల్లా అంచున ఉన్న ఆ ఊళ్లు తమవేనని ఒడిశా అంటుంది, ఆంధ్రా అంటుంది. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన ఆ తగాదాలో, 2006లో కోర్టు యథాతథ స్థితి పాటించమంది. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడున్నాయి. 'ప్రతి ఊరూ ఒకే ఒక్క రాష్ట్రానికి చెందుతుంది' అని ఏ మోడల్‌లో రాసినా, ఆ ఊరివాళ్లకు చదివి వినిపిస్తే ఒప్పుకోరు. అందరూ కలిసి రాసే సమాచార భాండాగారం వికీడేటా 2012 నుంచి నడుస్తున్నది ఇలాంటి చోట్లకు సరిపోయే పద్ధతిలో: ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఉండనిచ్చి, ఏది ఎవరు చెప్పారో పక్కనే రాసుకుంటుంది. నిజం గురించి తగవు ఉన్నప్పుడు, 'ఫలానావారి ప్రకారం' అన్న పాత్రను కూడా వాక్యంలోనే చేర్చాలి. అది వాక్యాల పద్ధతిలోనూ కుదురుతుంది.

యూఎంఎల్ క్లాస్ డయాగ్రమ్ 1997 నుంచి ప్రమాణం. ప్రోగ్రాము నిర్మాణానికి మంచిది, ఉద్యోగానికి కావాలి, నేర్చుకోండి. నేతగాడికి మాత్రం చూపించకండి. గ్రాఫ్ డేటాబేస్‌లకు జీక్యూఎల్ అనే ప్రమాణ ప్రశ్నల భాష 2024లో వచ్చింది. బంధుత్వాలు, దారులు వెతికే పనులకు బాగుంటుంది, కానీ గ్రాఫ్ డేటాబేస్ నిల్వ చేసే పద్ధతి. ఏది నిల్వ చేయాలో అది చెప్పదు.

వాక్యాల పద్ధతిలో కష్టాలు ఉన్నాయి. ముఖ్యంగా సమయం పడుతుంది. ఆ తొమ్మిది మగ్గాల లెక్కకే నాకు డెబ్బైకి పైగా వాక్యాలు అయ్యాయి. ఒకేసారి చదివితే వినేవాళ్లు అలసిపోయి అన్నిటికీ "ఊఁ" కొట్టేస్తారు. అందుకని రోజుకు పది చొప్పున చదివాను. ఓఆర్ఎం బొమ్మ పూర్తిగా గీస్తే గోడంత అవుతుంది. టూల్స్ తక్కువ. నార్మా అని, ప్రోగ్రాములు రాసే విజువల్ స్టూడియోలో నడిచేది ఒకటుంది. అది బొమ్మ నుంచి వాక్యాలు రాసిస్తుంది గానీ ఆ వాక్యాలు ఇంగ్లీషు అచ్చులోనే పోతపోసి వస్తాయి. ఇంటర్వ్యూలో ఓఆర్ఎం అంటే ఎదుటివాళ్లు రెండో ఓఆర్ఎం అనుకుంటారు.

అందుకే నేను వాక్యాలూ ఈఆర్ బొమ్మా రెండూ కలిపి వాడుతున్నాను. మీరూ అలాగే చేయమంటాను. ముందు తెలుగు వాక్యాలు, కింద నిజమైన ఉదాహరణలు. ప్రతి నియమానికీ, దాన్ని మీరే కావాలని విరగ్గొట్టే ఒక వరస రాసి, "ఇలా ఎప్పుడైనా జరిగిందా?" అని అడగండి. "జరుగుతుంది" అంటే నియమం పోయినట్టే. అందరూ ఒప్పుకున్న వాక్యాల నుంచే ఈఆర్ గీసుకోండి, టేబుల్స్ చేసుకోండి, మీ తోటి ప్రోగ్రామర్లకు ఆ బొమ్మ చాలు. పలు చోట్ల సమాచారం కలపాల్సిన రోజు వస్తే ఓంటాలజీ వైపు వెళ్లండి. అప్పటికి మీ దగ్గర వాక్యాలు సిద్ధంగా ఉంటాయి.

ఆ ఇంట్లో రిజిస్టరు ఇప్పుడు నడుస్తోంది. మొదటి పేజీలో చీరల జాబితా లేదు, పడుగుల జాబితా ఉంది. అద్దకం గురించిన పదకొండు వాక్యాలు ఇంకా చదవలేదు. అద్దకంవాళ్లు ఈ నెలంతా పెళ్లిళ్ల ఆర్డర్ల పనిలో ఉన్నారు. తీరిక దొరకగానే కబురు చేస్తామన్నారు.