సాస్కటూనా, చోక్‌చెర్రీనా? తెల్లపూల పొదను దేన్ని బట్టి గుర్తుపట్టాలి

మే వచ్చిందంటే కెనడాలోని మా ఎడ్మంటన్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా ఇదే గొడవ. నది లోయలో వాకింగ్‌కి వెళ్లినవాళ్లెవరో తెల్లపూల పొద ఫొటో పెట్టి "ఇది సాస్కటూనా, చోక్‌చెర్రీనా?" అంటారు. రెండూ చిన్న చిన్న కాయలు కాసే అడవి పొదలు, రెండూ గులాబీ కుటుంబమే. ఒకే గట్టు మీద పక్కపక్కనే పెరుగుతాయి, పువ్వుకి ఐదేసి రేకులు.

పూత చూసి చెప్పొచ్చు, కాదనను. సాస్కటూన్ ముందు పూస్తుంది. గుత్తులు పొట్టి, రేకులు సన్నగా, ఎడంఎడంగా ఉంటాయి. చోక్‌చెర్రీ ఆకులు విచ్చుకున్నాక, సీసాలు కడిగే బ్రష్షులాంటి పొడుగాటి కంకులు వేస్తుంది. కానీ పూత నిలిచేది కొద్దిరోజులే. ఒక్క గాలివాన కొడితే రేకులన్నీ నేల మీదే. ఆకైతే, చోక్‌చెర్రీకి అంచు పొడవునా సన్నటి రంపపు పళ్లు, సాస్కటూన్‌కి ఎక్కువగా పై సగంలోనే.

నేను మాత్రం నమ్మేది కాయ మూతిని. జామకాయ కింద చిన్న కిరీటంలా ఉంటుంది చూశారా, సాస్కటూన్‌కీ అచ్చం అలాంటిదే ఉంటుంది. అది ఆపిల్‌కి దగ్గరి చుట్టం మరి. లోపల నమిలేయగలిగే చిన్న గింజలు. చోక్‌చెర్రీ కింద కిరీటం లేదు, నున్నగా ఉంటుంది. లోపల ఒకటే గట్టి పిక్క.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఇది చూసుకోకుండా, సాస్కటూన్లే అనుకుని డబ్బా నిండా చోక్‌చెర్రీలు కోసుకొచ్చాను. మా ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది. పచ్చి నేరేడుకాయ కూడా అంత వగరుండదు! ఉడికించి, పిక్కలు వడగట్టి, పంచదార పోస్తే జెల్లీ బాగానే కుదిరింది. పిక్కలతో సహా మిక్సీలో మాత్రం వేయకండి, వాటిలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. ఆకుల్లోనూ అంతే.

ఇలాగే తెల్లపూలు పూసేవి ఇంకో రెండున్నాయి, పిన్ చెర్రీ, హాథార్న్. పిన్ చెర్రీ కాయ ఎర్రగా, పుల్లగా ఉంటుంది. హాథార్న్ సంగతి ముల్లే చెబుతుంది.

పెరట్లో వేయడానికి ఏది మేలంటే నా ఓటు సాస్కటూన్‌కే. చెట్టు మీంచి కోసి అలాగే తినేయొచ్చు. ఇక్కడి మూలవాసుల క్రీ భాషలో ఈ పండుకున్న పేరే కెనడాలోని సాస్కటూన్ నగరానికీ వచ్చింది. మేం నాటిన మొక్కకి కిందటేడు కాసినవన్నీ రాబిన్ పిట్టలే తినేశాయి. ఈసారి వల కప్పాలి.