చేపల పులుసు పక్కన షెనిన్ బ్లాంక్: ఆదివారం సీసా ఎలా ఉంది, బల్ల కింద కుక్క సంగతేంటి

నెల్లూరు, ఒంగోలు వైపు 'వైన్స్' అని బోర్డున్న కొట్టుకెళ్లి వైన్ అడిగితే కౌంటర్లో మనిషి ఒక్క క్షణం ఆలోచనలో పడతాడు. బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ అయ్యాక ఎక్కడో పై అరలో దుమ్ముపట్టి నాలుగు సీసాలుంటాయి. వాటిలో ఏది ఆదివారం చేపల పులుసు ముందు నిలబడుతుందన్నదే ఇక్కడ తేల్చే విషయం. తీర్పు ముందే చెప్పేస్తే: సూలా షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, బాగా చల్లగా. ఐదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్క మార్కు సీసాది కాదు, మన ఎండది.

సూలా నాసిక్ కంపెనీ. రాజీవ్ సామంత్ పెట్టాడు. వాళ్ల వైన్ మొదట బయటికొచ్చింది 2000లో, ఈ షెనిన్ బ్లాంక్ అప్పటి నుంచీ ఉంది. ద్రాక్ష రకం ఫ్రాన్స్‌లోని లువార్ నది వైపుది. వేడి ప్రాంతంలో పండినా పులుపు పోగొట్టుకోకపోవడం దీని గుణం. ఆ పులుపు మీద లేతగా ఓ తీపి వదిలారు. ఒట్టిగా తాగితే 'ఇదేంటి, తియ్యగా ఉందే' అనిపించొచ్చు. వైన్ బాగా తెలిసినవాళ్లు కొందరు ఈ తీపిని చిన్నచూపు చూస్తారు. వాళ్ల పళ్లెంలో పులుసు ఉండదు కాబట్టి అలా అంటారు.

పులుసుకు ఇది ఎందుకు కుదురుతుందంటే, చింతపండు పులుపూ ద్రాక్ష పులుపూ ఒకటే. రెండింట్లోనూ ఉండే ప్రధాన ఆమ్లం టార్టారిక్. నిమ్మకాయలో ఉండేది సిట్రిక్, అది వేరే దారి. పళ్లలో టార్టారిక్ ఇంత దండిగా ఉండేవి తక్కువ, అందులో రెండు మన బల్ల మీదికి ఒకేసారి వచ్చాయన్నమాట. పులుసు కంటే పులుపు తక్కువున్న వైన్ అయితే ఓ ముద్ద తినగానే నీళ్లలా చప్పబడిపోతుంది. షెనిన్ చప్పబడదు. ఇక కారం. ఆల్కహాలు కారపు మంటను పెంచుతుంది, తీపి తగ్గిస్తుంది. అందుకే ఘాటు తక్కువగా, కాస్త తీపి మిగిలిన వైనే మన కూరలకు పనికొస్తుంది. లేబుల్ మీద ఆల్కహాలు శాతం చూడండి. 14 దాటిన సీసా ఏ రకమైనా చేపల పులుసు రోజున ఇంటికి తేవద్దు.

పోలిక కోసం మిగతావి. సూలాదే మరో తెల్ల వైన్ సొవిన్యాన్ బ్లాంక్‌లో తీపి ఉండదు, పచ్చి గడ్డి, పచ్చిమిర్చి వాసన ఉంటుంది. పులుసుతో తాగితే గొంతులో గీరుకుపోతుంది. చేప వేపుడుకో, నిమ్మకాయ పిండిన రొయ్యల వేపుడుకో మాత్రం షెనిన్ కంటే ఇదే మేలు. 'జిన్‌ఫాండెల్ రోజే' అనే గులాబీ వైన్ రంగుకి ముచ్చటగా ఉంటుంది, రొయ్యల ఇగురుకు సరిపోతుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు. ఎర్ర వైన్లలో బెంగళూరు దగ్గర నంది కొండల వైపు గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్ ఉంది. కాబర్నె, షిరాజ్ అనే ద్రాక్ష రకాలు కలిపి చెక్క పీపాల్లో నిలవ చేసినది, నాటుకోడికి, మటన్‌కి మంచి జోడీ. చేపల పులుసుతో మాత్రం వద్దు. తప్పు ఆ సీసాది కాదు, ఎర్ర వైన్లు చాలావరకు అంతే. అందులో ఉండే ఇనుము చేప నూనెతో కలిసినప్పుడు నోట్లో తుప్పు రుచి, నీచు వాసన లేస్తాయి. 2009లో జపాన్ పరిశోధకులు దీన్ని పరీక్ష చేసి చూపించారు.

మలై కాజాతో వైన్ అడిగేవాళ్లూ ఉంటారు. తీపి వంటకం కంటే వైన్ తియ్యగా ఉంటేనే జత కుదురుతుంది. పాకంలో నానిన మలై కాజాను మించిన తీపి ఇక్కడ చెప్పిన ఏ సీసాలోనూ లేదు. దాన్ని దాని మానాన తినండి.

ఇప్పుడు ఆ తగ్గిన మార్కు. తెల్ల వైన్ దాచాల్సింది 12, 15 డిగ్రీల మధ్య. నెల్లూరు మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. గోదాములో, లారీలో, రేకుల కప్పు కింద కొట్టులో నెలల తరబడి ఉడికిన సీసాలో పండు వాసన చచ్చి, ఉడికించిన ఎండుద్రాక్ష వాసన వస్తుంది. కొనేముందు చూడాల్సినవి: లేబుల్ మీద సంవత్సరం, నింపిన తేదీ. ఈ సూలా షెనిన్ ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడే వైన్ కాదు, రెండేళ్లు దాటితే వదిలేయండి. 'పాతది సార్, ఇంకా బాగుంటుంది' అనే మాట ఈ సీసాకు వర్తించదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లేత ఎండుగడ్డి రంగులో ఉండాలి, తేనె రంగులోకి తిరిగితే అయిపోయినట్టే. మూత చుట్టూ జిగట మరక ఉంటే లోపలి వైన్ వేడికి పొంగి బయటికొచ్చిందని అర్థం. కిటికీ పక్కన ఎండ తగిలే చోట నిలబెట్టిన సీసా చవగ్గా ఇచ్చినా వద్దు. వేసవిలో కొంటే పొద్దున్నే కొనండి, స్కూటర్ డిక్కీలో పెట్టి ఊరంతా తిరక్కండి. మూత తిప్పి తీసేదే కాబట్టి బిరడా తీసే స్క్రూ కోసం వెతుక్కునే పని లేదు. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. తాగడానికి పావుగంట ముందు బయట పెడితే 8, 10 డిగ్రీలకు వస్తుంది. అంత సమయం లేకపోతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి సీసా మెడదాకా ముంచితే 20 నిమిషాలు చాలు. ఒట్టి ఐసులో పెడితే ముక్కల మధ్య గాలి ఉంటుంది, త్వరగా చల్లబడదు. నీళ్లు పోయడమే కిటుకు. డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే సీసా పగులుతుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేస్తే రుచి నీరుగారుతుంది. మన ఉక్కకు గ్లాసులో వైన్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది కాబట్టి ఒకేసారి నింపకుండా 75 మిల్లీలీటర్ల చొప్పున పోసుకుంటూ సీసాను మళ్లీ ఐసులోకి పంపండి. అడుగున పంచదార పలుకుల్లాంటివి కనబడితే గాజు ముక్కలని భయపడక్కర్లేదు. చల్లబడినప్పుడు ఆ టార్టారిక్ ఆమ్లమే పొటాషియంతో కలిసి పలుకు కడుతుంది. వాటిని వదిలేసి పైది తాగొచ్చు.

వైన్ ఎంత బాగున్నా పులుసు దారిలో లేకపోతే దండగ, అందుకే కొలతలు కూడా. కిలో బొచ్చె గానీ కొరమీను గానీ ముక్కలు, చింతపండు 60 గ్రాములు, మామిడికాయ ఒకటి, ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, నువ్వుల నూనె 100 మిల్లీలీటర్లు. చింతపండును వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిండి, మొత్తం 600 మిల్లీలీటర్ల పులుసు తీయాలి. మామిడికాయ పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉంటే చింతపండు 40 గ్రాములకు దించండి. రెండు పులుపులూ పూర్తిగా వేసిన పులుసు ముందు ఏ వైనూ బతకదు. కారం మామూలుగా మూడు పెద్ద చెంచాలు వేసే ఇంట్లో రెండు వేయండి, అందులో సగం బ్యాడిగి మిరపది అయితే రంగు తగ్గదు, మంట తగ్గుతుంది. ఈ మాట నెల్లూరులో చెబితే కొట్టొస్తారని తెలుసు. మూడు చెంచాలే కావాలంటే ఆ పూట మజ్జిగ తాగండి, డబ్బులు మిగులుతాయి.

మట్టి చట్టిలో నూనె కాగాక ఆవాలు, కరివేపాకు, ఉల్లి, పచ్చిమిర్చి, తర్వాత టమాటా మెత్తబడేదాకా. పసుపు, కారం, ధనియాల పొడి ఒక పెద్ద చెంచా, ఉప్పు వేసి సన్నసెగ మీద నూనె తేలనిచ్చి పులుసు పోయాలి. 12, 15 నిమిషాలు మరిగి చిక్కబడ్డాక మామిడి ముక్కలు, అవి సగం ఉడికాక చేప ముక్కలు. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, చట్టి అంచుల్ని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. ఎనిమిది నుంచి పది నిమిషాల్లో చేప ఉడుకుతుంది. దించేముందు మెంతులు అర చెంచా, జీలకర్ర ఒక చెంచా, ఆవాలు అర చెంచా దోరగా వేపి కొట్టిన పొడి చల్లాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మెంతులు నల్లబడేదాకా వేపితే చేదు వస్తుంది, ఆ చేదును చల్లటి వైన్ రెండింతలు చేసి చూపిస్తుంది. మెంతి గింజ ఎర్రబడి వాసన రాగానే దించేయండి.

శనివారం రాత్రి వండి ఆదివారం మధ్యాహ్నం తినడమే పద్ధతి. ముక్కకు పులుసు పడుతుంది, పులుపు, కారం ఒకదాంట్లో ఒకటి ఒదుగుతాయి. చలికాలమైతే చట్టిలోనే ఉంచేవాళ్లున్నారు గానీ వేసవి రాత్రుల్లో ఆ సాహసం వద్దు. ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినే గంట ముందు తీసి, సన్నసెగ మీద మరగనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక వడ్డించండి. సెగలు కక్కే పులుసు మీద చల్లటి వైన్ పడితే నాలుకకు రెండూ తెలియవు. అన్నం మొలగొలుకులైతే సరే సరి. సీసా 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు, నలుగురి భోజనానికి సరిపోతుంది. ఇద్దరే ఉంటే మిగిలినది మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మూడు రోజులు ఆగుతుంది. మిగిలింది కదా అని పులుసులో మాత్రం పోయొద్దు. చింతపండు ఉన్న చోట దానికి పని లేదు.

ఇక బల్ల కింద తోక ఊపుతూ కూర్చున్న జీవి. వైన్‌కీ పులుసుకీ జత కుదిర్చిన ఆ టార్టారిక్ ఆమ్లమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని పశువైద్యులకు చాన్నాళ్లుగా తెలుసు, కారణమే దొరకలేదు. 2021లో అమెరికాలో జంతువుల విష కేసులు చూసే వైద్యులు వేలు చూపింది ఈ ఆమ్లం వైపే. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే జబ్బు కనిపించింది. అంటే మనం ప్రేమగా పెట్టే పులుసన్నం కుక్కకు ప్రమాదం. అందులో ఉల్లిపాయ కూడా ఉంది, అది కుక్కలకు, అంతకంటే ఎక్కువగా పిల్లులకు, రక్తకణాలను పగలగొడుతుంది. ఎంత తింటే ముప్పు అనేది కుక్కను బట్టి మారుతుంది, 'కొంచెమేగా' అన్న లెక్క పనికిరాదు. 'ఎన్నేళ్లుగానో పెడుతున్నాం, ఏం కాలేదు' అనే మాట ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ఏమైనా అయిన కుక్క ఎందుకు పోయిందో ఎవరూ పరీక్ష చేయించరు.

దానికీ ఆదివారమే కాబట్టి, పులుసులో వేయకముందే రెండు కొరమీను ముక్కలు పక్కకు తీయండి. ఉప్పు, పసుపు పట్టించనివి. ఒట్టి నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, ఆరాక వేళ్లతో నలుపుతూ ముల్లు తీసి, అన్నంలో కలపండి. బొచ్చెలో చీలిక ముళ్లు ఎక్కువ, ఎంత ఏరినా ఒకటి మిగులుతుంది, అందుకే కొరమీను. పది కిలోల కుక్కకు 50 గ్రాముల చేప చాలు, ఇంట్లో పిల్లికి 20. పిల్లికి చేప ఇష్టం కదా అని పచ్చిది రోజూ పెడితే బి1 విటమిన్ తగ్గిపోతుంది, ఉడికించే పెట్టండి. భోజనాలయ్యాక పళ్లేల్లోని ముళ్లు మూత ఉన్న డబ్బాలోకి వెళ్లాలి, పెరట్లోకి కాదు. గ్లాసులు తోక ఎత్తుకు పైన ఉండాలి, నేల మీద ఒలికిన వైన్ వెంటనే తుడవాలి.

ఒకవేళ పులుసో ద్రాక్షో తినేస్తే, ఎంత తిందో, ఎప్పుడు తిందో రాసుకుని వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. వాంతి మొదలయ్యేదాకా ఆగొద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం అంతకంటే ప్రమాదం. ఆదివారం మధ్యాహ్నం డాక్టరు దొరకడం కష్టం, సీసా కొన్న శనివారమే ఎవరు ఫోనెత్తుతారో కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ తలుపుకు అతికించండి.