పట్టు లైనరా, నూలు లైనరా: పశ్చిమ కనుమల రాత్రుల కోసం

బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో పశ్చిమ కనుమలకు ట్రెక్కింగ్‌కు వెళ్లే వారిలో చాలామందికి సొంత స్లీపింగ్ బ్యాగ్ ఉండదు. టెంటుతో పాటు దానినీ అద్దెకు తీసుకుంటారు. కిందటి వారం అందులో ఎవరు పడుకున్నారో, చివరిసారి ఎప్పుడు ఉతికారో అడిగినా తిన్నని జవాబు రాదు. నేను లైనర్, అంటే స్లీపింగ్ బ్యాగు లోపల వేసుకుని పడుకునే పలుచని గుడ్డ సంచి, వాడడం మొదలుపెట్టింది చలికి భయపడి కాదు, ఈ కారణం చేతనే. కొన్నేళ్లుగా ఒక నూలు లైనరును, ఒక పట్టు లైనరును మార్చి మార్చి వాడిన మీదట, ఈ కొండలకు పట్టుదే తగినదన్న అభిప్రాయం నాకు స్థిరపడింది. అయితే అందుకు నా కారణాలు అమ్మేవారు చెప్పేవి కావు.

అమ్మేవారు ముందుగా చెప్పేది వెచ్చదనం గురించి. లైనర్ ఇన్ని డిగ్రీల వెచ్చదనం కలుపుతుందని అట్టపెట్టె మీద ఒక అంకె ఉంటుంది. స్లీపింగ్ బ్యాగులకైతే 2005లో ఐరోపాలో అమలులోకి వచ్చిన ఈఎన్ 13537, 2016లో దాని స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 23537 అనే ప్రమాణాలున్నాయి. మనిషి ఆకారంలోని వేడిచేసిన బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి, అది కోల్పోయే వేడిని కొలిచి ఉష్ణోగ్రతలను నిర్ణయిస్తారు. లైనర్ మీది అంకెను నేను తయారీదారు సొంత మాటగానే తీసుకుంటాను. ఒంటిని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, అది పట్టి ఉంచే గాలి. అంత పలుచని పొర పట్టి ఉంచగల గాలి ఎంత? 1,712 మీటర్ల కుమార పర్వతం దారిలో గాలి వీచిన రాత్రి కొంత తేడా తెలిసింది గానీ, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ మంచు మీద మాత్రం ఉన్ని టోపీ, మందపాటి మేజోళ్లు తొడిగితే గానీ నిద్ర పట్టలేదు. చలే అసలు సమస్య అయితే ఫ్లీస్ (ఉన్నిలా ఉండే మందపాటి సింథటిక్ గుడ్డ) లైనర్ తీసుకోవాలి, దాని బరువునూ మోయాలి.

పట్టు నెగ్గేది బరువులోనూ, ఆరడంలోనూ. పట్టు గుడ్డ మందాన్ని మొమ్మెలలో చెబుతారు. ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. 110 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డ నాలుగున్నర మీటర్లు పడుతుందనుకుంటే, 5 మొమ్మెల రకంతో లైనర్ 110 గ్రాములకు కాస్త అటూ ఇటూగా, 8 మొమ్మెలదైతే 170 గ్రాములకు పైగా తూగుతుంది. నా నూలుది దీనికి రెండింతలకు మించి ఉంటుంది. అనంతపురంలో మా అమ్మ, బీరువాలోని పాత ధర్మవరం చీరను కుట్టించుకోరాదా అని అడిగింది. ఆ జరీ బరువుతో కొండెక్కడం కష్టమని నచ్చజెప్పవలసి వచ్చింది. చెమటకు తడిసిన నూలు తెల్లవారినా ఆరదు, పైగా అటూ ఇటూ దొర్లినప్పుడు కాళ్లకు మెలిపడుతుంది. పట్టు నైలాన్ బ్యాగులో జారిపోతుంది కనుక ఆ బాధ లేదు. ఏప్రిల్, మే నెలల్లో బ్యాగును కింద పరచుకుని లైనరులో మాత్రమే పడుకోవచ్చు.

పట్టుకు బలహీనత కుట్టు దగ్గరే. మోకాలు తన్నే పక్క కుట్టు నా లైనరుకు విడిపోయింది; జయనగరలో ఒక దర్జీ అంచును రెండు మడతలు వేసి మళ్లీ కుట్టాక ఇంతవరకు నిలిచింది. కనుక కొనేముందు కుట్టును లోపలి వైపు తిప్పి చూడాలి. పాదాల దగ్గర కుట్టు లేకుండా ఒకే గుడ్డను మడిచి కుట్టినది మేలు. పాదాల వైపు సన్నబడే రకం కంటే దీర్ఘచతురస్రాకారపుది ఇక్కడి ఉక్కపోతకు హాయి. పక్కన తెరుచుకునే చోట వెల్క్రో ఉంటే మాత్రం వద్దు, అది పోగులను లాగేస్తుంది. దిండు పెట్టుకునే అర ఉన్నా లేకున్నా ఒకటే.

ఉతకడం గురించి భయపడనక్కరలేదు. పట్టు చీరలకు మన ఇళ్లలో వాడే కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరవేస్తే చాలు. మరకలు తొలగించే ఎంజైములున్న డిటర్జెంట్లు, బ్లీచ్ ప్రొటీనుతో తయారైన ఈ పోగును తినేస్తాయి. ఎండ కూడా దానిని పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తుంది. సంవత్సరానికి ఒకసారి మాత్రమే కొండకు వెళ్లేవారికి ఇంత ఖర్చు అనవసరం. ఇంట్లోని పలుచని నూలు దుప్పటిని సంచిలా కుట్టించుకుంటే అద్దె బ్యాగు మురికి ఒంటికి తగలకుండా ఉంటుంది.